మైకమ్మ గొంతు మార్చదు

మా తోడికోడలిని బస్టాండులో అందరూ మైకమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే పలకదు. ఇప్పుడు గొంతు లేదు కాబట్టి పలకదేమో అనుకునేరు, గొంతున్న రోజుల్లోనూ పలికేది కాదు. "ఆ పేరు జీతం కాగితం మీద ఉంటే చాలు, మీకెందుకు?" అనేది. పెద్ద తోడికోడలు కాబట్టి నేను మాత్రం అక్కా అంటాను.

నాది బస్టాండు గేటుకు ఎదురుగా జిరాక్స్ షాపు. పొద్దున షట్టర్ ఎత్తగానే వినిపించేది ఆమె గొంతే. ఇంట్లోనూ అదే గొంతు, షాపులోనూ అదే గొంతు. ఇద్దరం దెబ్బలాడుకున్న రోజుల్లో చెవులు మూసుకుందామన్నా వీలుండేది కాదు. మైకులో బస్సుల పేర్లు చదువుతూనే నా మీద కోపం చూపించగలిగేది, అంత గడుసు మనిషి.

మైకు గదిలో గోడ మీద ఒక అట్ట వేలాడేది. బస్సు ఆలస్యమైతే చివర్లో "అంతరాయానికి చింతిస్తున్నాము" అనాలని దాని మీద రాసి ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆ ముక్క ఆమె అననే లేదు. "లేటు చేసింది నేనా? బస్సు బస్సుకీ చింతిస్తూ కూర్చుంటే చిక్కి శల్యమైపోనూ?" అనేది. దానికి బదులు తన సొంత మాట ఒకటి తయారు చేసుకుంది.

"బస్సు ఆలస్యంగా వస్తుంది. కూర్చోండి. నిద్ర వస్తే పడుకోండి. బస్సు వచ్చాక నేను లేపుతాను."

నోటి మాటగా అని వదిలేసేది కాదు, నిజంగానే లేపేది. మైకు గది మేడ మీద, దానికి ప్లాట్‌ఫాంల వైపు పెద్ద కిటికీ ఉంది. ఏ బల్ల మీద ఎవరు పడుకున్నారో, ఎవరిది ఏ బస్సో అక్కడి నుంచి కనిపెట్టుకుని ఉండేది. బస్సు రాగానే "నీలం చొక్కా అయ్యా, లేవండి. ఎర్ర సంచీ అమ్మా, లేవండి, బస్సు వచ్చింది" అని వాళ్లు కదిలేదాకా వదిలేది కాదు. అందుకే మా బస్టాండులో జనం సొంతింట్లో పడుకున్నట్టు గుర్రు పెట్టి నిద్రపోయేవాళ్లు.

అలాంటి మనిషికి గొంతులోనే జబ్బు వచ్చింది. మాటపెట్టె మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. మా బావగారు నోట్లో నాలుక లేని మనిషి, గోడకు ఆనుకుని నిలబడిపోయారు. మా అత్తగారు గుండెలు బాదుకుంది. మైకమ్మ మాత్రం డాక్టరుని ఒకటే అడిగింది. "ఆపరేషన్ ఎప్పుడు? అప్పటిదాకా మాట్లాడుకోవచ్చా?"

ఆసుపత్రిలోనే ఎవరో ఒక ప్రోగ్రాం సంగతి చెప్పారు. గొంతున్నప్పుడే మన మాటలు ఒక్కొక్కటీ అందులో చెప్పి దాచుకోవాలి. తర్వాత కంప్యూటర్‌లో టైపు చేస్తే ఆ మాటలన్నీ ఏరి, వరసగా కలిపి, మన గొంతుతోనే పలుకుతుంది. చిన్న కంపెనీ ఏదో తయారు చేసిందట. మైకమ్మ పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించి, వెనక గది కిటికీలకు దుప్పట్లు కట్టి, మైకు పట్టుకుని కూర్చుంది. ఊళ్ల పేర్లు, బస్సు నంబర్లు, రంగులు, సంచీలు, చొక్కాలు అన్నీ చెప్పింది. తర్వాత ఇంటి మాటలకు దిగింది. అత్తగారు తలుపు తోసుకుని వచ్చి "గదిలో దూరి ఎవరితోనే ఈ మాటలు?" అని సతాయిస్తుంటే, అత్తగారికి ముందు ముందు చెప్పాల్సిన జవాబులన్నీ కూడా రికార్డు చేసి పెట్టుకుంది. అత్తాకోడళ్ల దెబ్బలాటకు అంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు.

"క్షమించండి, చింతిస్తున్నాం లాంటివి కూడా ఒకసారి చెప్పి పెట్టుకో అక్కా, ఎప్పుడైనా పనికొస్తాయి" అన్నాను.

"ఎవరికి?" అంది.

నేను దుప్పటి మళ్లీ సర్ది బయటికి వచ్చేశాను.

మైకు అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ మాటలన్నీ బస్సులు పిలిచే ధోరణిలోనే చెప్పింది. అందుకని ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో భోజనాల దగ్గర "ఉప్పు. ఇటు. అందించండి." అని లాప్‌టాప్ పలికితే, మా ఆయన ఉలిక్కిపడి చెప్పుల కోసం చూసేవాడు. మెడ దగ్గర ఊపిరి పీల్చుకునే రంధ్రం, దాని మీద మెత్తటి గుడ్డ, ఒళ్లో లాప్‌టాప్. అలాగే వెళ్లి, అప్పటి మేనేజరుతో పోట్లాడి, మళ్లీ మైకు గదిలో కూర్చుంది. లాప్‌టాప్ వైరు మైకు పెట్టెలో గుచ్చితే బస్టాండంతా ఆమె గొంతు మోగింది. కాస్త ముక్కలు ముక్కలుగా వచ్చినా అది ఆమె గొంతే. జనం మళ్లీ బల్లల మీద పడుకున్నారు.

ఇంట్లో మాత్రం ఒక మాట వినిపించకుండా పోయింది. ఆపరేషన్‌కు ముందు అత్తగారు రోజులో ఎన్నిసార్లో "అరవకే, నాకు చెవుడు రాలేదు" అని కోడలిని కసిరేది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఆవిడ నోట రాలేదు. పోట్లాట మధ్యలో అది పెదవుల దాకా వచ్చి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు మధ్యాహ్నం నేను జిరాక్స్ తీస్తుంటే గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. "ప్రయాణికులు. దయచేసి." అంతే. కాసేపటికి మైకమ్మ రోడ్డు దాటి వచ్చి లాప్‌టాప్‌ని నా కౌంటరు మీద పెట్టి, బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. తెర నల్లగా ఉంది.

కంప్యూటర్లు బాగుచేసే సర్వీసాయన వచ్చి చూశాడు. మంచివాడే, శ్రద్ధగానే చూశాడు. లోపలి డిస్కు బతికే ఉందని, అందులో ఉన్నవన్నీ తీసి ఇచ్చాడు. ప్రోగ్రాం మాత్రం అతని కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోలేదు.

"ఇది బాగా పాత విండోస్ కోసం రాసిందమ్మా. ఇప్పటి వాటిలో నడవదు. రాసిన కంపెనీ కూడా మూతపడింది. అయినా దీన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు? ఇప్పుడు బోలెడు గొంతులున్నాయి. మీకు నచ్చింది పెట్టుకోండి" అని ఒకటి వినిపించాడు. ఎవరో పడుచుపిల్ల తియ్యగా మాట్లాడింది.

మైకమ్మ ఫోన్‌లో టైపు చేసి చూపించింది. "ఈ గొంతు ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. కంప్యూటర్ తయారు చేసింది."

"ఎవరిదీ కానిది నాకెందుకు?" అని టైపు చేసి ఫోన్ బోర్లించింది.

ఈ లోపల బస్టాండుకు కొత్తగా వచ్చిన మేనేజరు అదే రకం గొంతు ఒకటి తెప్పించి మైకు గదిలో పెట్టించాడు. అది ప్రతి ఆలస్యానికీ చక్కగా చింతించేది. ఒక్కసారి చెప్పి ఊరుకునేది. ఎవరు పడుకున్నారో, ఎవరు లేచారో దానికేం తెలుసు? మేనేజరు మైకమ్మను పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు.

"మీకు ఇబ్బంది లేకుండా పార్సిల్ సెక్షన్‌లో వేస్తానమ్మా. అక్కడ మాట్లాడే పనే ఉండదు. నెలాఖరుకు ఆర్డరు పైకి పంపుతాను. ఈలోగా మీ గొంతు బాగైతే చెప్పండి, చూద్దాం."

మాట్లాడే పనే ఉండదట! ఆ మాట మైకమ్మ ఫోన్‌లో టైపు చేసి నాకు చూపించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంట్లో కూడా ఆమెకు ఇక గరిటే గొంతు. పిలవాలంటే గిన్నె మీద కొట్టేది. "ఆ కొత్త గొంతేదో పెట్టుకోరాదటే, వినడానికి తియ్యగా ఉంది" అని అత్తగారు అంది పాపం, మంచికే అంది. దానికి జవాబుగా పడిన గరిట దెబ్బకు గిన్నె మూత సొట్టపోయింది. అది ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు.

ఇక్కడ నా షాపు సంగతి కాస్త చెప్పాలి. జిరాక్స్ షాపుకి వచ్చేవాళ్లందరూ తలా ఒక పెన్‌డ్రైవ్ తెస్తారు. ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఒక వైరస్ ఉంటుంది. ఊరి జలుబంతా నా కంప్యూటర్లకే అంటుకుంటుంటే విసుగెత్తి, వాటిలో విండోస్ తీసేసి లైనక్స్ అనే వేరే సిస్టమ్ వేయించాను. అప్పటి నుంచి సుఖంగా ఉన్నాను. మైకమ్మ ఆ డిస్కులో సరుకు తెచ్చి నా ముందు పెడితే, "అక్కా, సొంత సిస్టమ్‌లోనే నడవనిది పరాయి దాంట్లో ఏం నడుస్తుంది?" అన్నాను. ఆమె వినలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది, ఇది నడిచేదాకా నా షాపు నాది కాదని.

వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఒక సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రాం ఇంకో సిస్టమ్‌లోకి వస్తే, భాష తెలియని ఊళ్లో బస్సు దిగిన మనిషిలా ఉంటుంది. ఏం అడిగినా ఎవరికీ అర్థం కాదు. మధ్యలో ఒక దుబాసీ నిలబడి, అది అడిగినదాన్ని ఇక్కడి మాటలోకి మార్చి చెబితే పని జరుగుతుంది. అలాంటి దుబాసీ పని చేసే సరంజామా లైనక్స్‌లో ఉంది, దాని పేరు వైన్. ఇంట్లో మేం ఆ పేరు అనుకోవడం విని మా అత్తగారు నెత్తిన చేతులు పెట్టుకుంది. "గొంతు పోయిందని తాగుడు మొదలెట్టారా ఇద్దరూ?" అని. ఆవిడకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

వైన్ వేసి ప్రోగ్రాం మీద నొక్కితే తెరుచుకుంది! సొంతవాళ్లు గుమ్మం ఎక్కనివ్వని దాన్ని పరాయి సిస్టమ్ లోపలికి రానిచ్చింది. కానీ తెర నిండా అక్షరాలకు బదులు కొక్కేలు, గళ్లు, ప్రశ్నార్థకాలు. అయినా మైకమ్మ చప్పట్లు కొట్టింది. పాత ప్రోగ్రాం కదా, దాని తెలుగు అక్షరాలు దానికే ప్రత్యేకం. డిస్కులోంచి ఆ అక్షరాల ఫాంటు వెతికి తెచ్చి పెడితే, కొక్కేలన్నీ కుదురుగా తెలుగైపోయాయి.

ఆమె "అత్తయ్యా" అని టైపు చేసి మీట నొక్కింది. చప్పుడు లేదు. డి డ్రైవ్ కనిపించడం లేదని తెర మీద ఒక ముక్క వచ్చింది. ఆమె మాటలన్నీ పాత లాప్‌టాప్‌లో డి అనే చోట దాచింది. లైనక్స్‌లో డి, సి అనే లెక్కలే లేవు. ప్రోగ్రాం మాత్రం డి ఎక్కడ, డి ఎక్కడ అని మొండికేసింది, అచ్చం దాని యజమానురాలిలాగే. చివరికి మాటలన్నీ ఒక ఫోల్డర్‌లో పోసి, వైన్‌తో "ఇదే డి అని దానికి చెప్పు" అన్నట్టు ఒక సెట్టింగు మార్చాను. నమ్మేసింది.

మళ్లీ నొక్కింది. గొంతు వచ్చింది. వచ్చింది గానీ అదేం గొంతు! సన్నగా, గబగబా, ఎవరో చంటిపిల్ల వెక్కిరించినట్టు. మైకమ్మ ముఖం మాడిపోయింది.

"పోనీలే అక్కా, మాటలు నీవే కదా, కాస్త తొందరగా వస్తున్నాయి అంతే. నెలాఖరు వచ్చేస్తోంది, దీంతో సర్దుకుపోదాం" అన్నాను.

ఆమె ఫోన్ తీసి టైపు చేసింది. "ఇది నేను కాదు."

"అయితే నువ్వే చూసుకో! గిరాకీ వదులుకుని నేను కూర్చుంటే నీకు ఇంకా వంకలా!" అని నేనూ ఎగిరాను. ఆమె కౌంటరు మీది కాగితాల కట్ట తీసి నేలకేసి కొట్టింది. నేను ఏరుకుంటూ తిట్టాను. ఆమె వినిపించకుండా తిట్టింది. ఆ పెదవులు చూస్తే ఏమంటోందో అక్షరం అక్షరం తెలుస్తూనే ఉంది.

కోపం చల్లారాక నేనే కూర్చుని, ఇలాంటి తిప్పలు పడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఒకరినొకరు అడిగి తెలుసుకునే చోట మా గోడు రాశాను. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో, ఏ దేశమో, జవాబిచ్చాడు. పాత రికార్డింగు వేగం ఒకటి, నా కంప్యూటర్ శబ్దం వదిలే వేగం ఇంకొకటి, ఫలానా చోట ఆ రెండూ ఒకటి చేయమన్నాడు. చేశాను. మైకమ్మను పిలిచి, "నొక్కు" అన్నాను.

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి టైపు చేసింది.

"అఘోరించావులే."

అదీ ఆ గొంతు! నిండుగా, కాస్త జీరగా, మైకు ధోరణిలో నన్ను తిట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా వీపు మీద చరుస్తూ మళ్లీ మళ్లీ అదే నొక్కింది. జిరాక్స్ కోసం వచ్చినాయన గుమ్మంలోనే ఆగి, ఎవరిని తిడుతున్నారో తెలియక వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు నా షాపు కంప్యూటర్‌నీ దాని చిన్న స్పీకర్నీ నేనూ, తెరని మా బావగారూ మోసుకుని బస్టాండుకు వెళ్లాం. ఆ రోజే అత్తగారు కూతురింటికి ప్రయాణం. ఆవిడ బస్సు ఆలస్యం. కొత్త గొంతు చెప్పాల్సింది చెప్పి, చింతించి ఊరుకుంది. ప్లాట్‌ఫాం అంచున జనం నిలబడే ఉన్నారు, మళ్లీ ఎప్పుడు చెబుతుందో, అసలు చెబుతుందో లేదోనని. అత్తగారు బల్ల మీద సంచీని కావలించుకుని నిటారుగా కూర్చుంది. కళ్లు మూతలు పడుతున్నా పడుకునే ధైర్యం లేదు.

మైకు గదిలో మేం బల్ల మీద అమర్చిన సామాను చూసి మేనేజరు గోడ మీది అట్ట చూపించాడు.

"మీ పట్టుదల మెచ్చుకోవాల్సిందేనమ్మా. కానీ రూలు ఉంది. ఆలస్యానికి చింతిస్తున్నాము అని అనాలి. కొత్త గొంతు అంటోంది. మీది అంటుందా? అనిపించండి. ఇప్పుడే ఈ కుర్చీ మీకిస్తాను."

ఒక్క మాట. దాని మీద కుర్చీ ఆగింది. నేను ఆమె చెవి దగ్గర గుసగుసలాడాను. "అక్కా, ఆ ముక్క నా గొంతుతో చెప్పి అందులో పెడతాను. ఎవరికి తెలుస్తుంది?"

ఆమె నా వైపు చూసిన చూపుకు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. కుర్చీలో కూర్చుని మేనేజరు కోసం టైపు చేసింది.

"ఆ మాట. నా దగ్గర. లేదు."

"మరి ఎలాగమ్మా..." అని ఆయన మొదలుపెట్టేలోపే, కొత్త గొంతు వైరు పీకి మా వైరు గుచ్చింది. వేళ్లు గబగబా కదిలాయి.

"బస్సు. ఆలస్యంగా వస్తుంది. కూర్చోండి. నిద్ర వస్తే. పడుకోండి. బస్సు వచ్చాక. నేను లేపుతాను."

ప్లాట్‌ఫాం మీద తలలన్నీ ఒక్కసారి స్పీకరు వైపు తిరిగాయి. ఎవరో "మైకమ్మరోయ్!" అన్నారు. అంచున నిలబడ్డవాళ్లు వెనక్కి వచ్చారు. ఒకాయన బూట్లు విప్పి బల్ల కింద పెట్టి, వాటి పక్కనే సంచీ దించి, కాళ్లు చాపి పడుకున్నాడు. ఒక తల్లి పిల్లని ఒళ్లో సర్దుకుని స్తంభానికి ఆనుకుని కళ్లు మూసింది. మా అత్తగారు సంచీ తల కింద పెట్టుకుని ఒరిగింది. గుర్రు ఇక్కడిదాకా వినిపించకపోయినా, నోరు తెరవడం చూసి మొదలైందని నాకు తెలిసిపోయింది.

"చింతిస్తున్నాము అని అననే లేదు కదా" అన్నాడు మేనేజరు.

ఇక నేను ఆగలేదు. "ఇలా రండి సార్. ఆ కిటికీలోంచి చూడండి. చింతించేవాళ్లు ఎవరైనా కనిపిస్తున్నారా?"

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, "లేపుతానన్నారుగా. అందరూ ఎక్కాలి. ఒక్కరు మిగిలినా ఆర్డరు పంపేస్తాను" అని అక్కడే నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. మైకమ్మ కిటికీలోంచి కళ్లు తిప్పకుండానే టైపు చేసింది. నల్ల బూట్లు అయ్యా, లేవండి. స్తంభం దగ్గర పాప తల్లీ, లేవండి. పచ్చ సంచీ అమ్మా, లేవండి. ఒక్కొక్కరే కళ్లు నులుముకుంటూ లేచి ఎక్కుతున్నారు. కింద గుంపు పలచబడింది. మేనేజరు గోడ మీది అట్ట తీసి చేత్తో పట్టుకున్నాడు, ఏం చేయాలో తోచనట్టు అటూ ఇటూ తిప్పి సొరుగులో పెట్టాడు.

"సరేనమ్మా. రేపు మొదటి బస్సు నుంచి మీరే చెప్పండి" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. మైకమ్మ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. కింద ఇంకా ఒకరు నిద్రలో ఉన్నారు. డ్రైవరు ఇంజను మొదలుపెట్టాడు.

"అత్తయ్యా. లేవండి."

కదలలేదు. మైకమ్మ స్పీకరు మీట పూర్తిగా తిప్పింది.

"అత్తయ్యా. లేవండి. అత్తయ్యా. లేవండి. అత్తయ్యా."

బస్టాండంతా మారుమోగిపోయింది. బస్సులోంచి జనం తలలు బయటికి పెట్టారు. మా అత్తగారు దిగ్గున లేచి కూర్చుంది. సంచీ చంకన పెట్టుకుని, బస్సు వైపు పరుగెత్తుతూ, తలెత్తి స్పీకరుకేసి చెయ్యి ఊపుతూ గట్టిగా కసిరింది.

"వస్తున్నానే! అరవకు! నాకేం చెవుడు రాలేదు!"

తెరిచి ఉన్న కిటికీలోంచి ఆ మాట మా గదిలోకి వచ్చిపడింది. మైకమ్మ వేళ్లు ఆగిపోయాయి. గొంతు దగ్గర గుడ్డ ఒకటి రెండుసార్లు గట్టిగా ఎగిసింది. తర్వాత ఆమె మెల్లగా, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ టైపు చేసింది. ఆ జవాబు ఏళ్ల క్రితం, దుప్పట్లు కట్టిన గదిలో, ఈ అత్తగారి కోసమే దాచిపెట్టుకున్నది.

"అరుస్తాను. ఇంకా అరుస్తాను."